మరదలు, చెల్లె, జన్యువు: మానవశాస్త్రాన్ని మన ఊరి వరసల్లోంచి చదవడం

మేనమామ కూతురు మరదలు. చిన్నాయిన కూతురు చెల్లె. మొదటి పిల్లను చేసుకుంటానంటే పెద్దవాళ్లు ఎగిరి గంతేస్తారు. రెండో పిల్ల గురించి అలాంటి మాట నోట రావడమే పాపం. కానీ రక్తం లెక్క తీస్తే ఆ అబ్బాయికి ఇద్దరూ ఒకే దూరంలో ఉన్నారు. సగటున ఇద్దరితోనూ అతని జన్యువుల్లో ఎనిమిదో వంతు కలుస్తుంది. ప్రకృతి తేడా చూపని చోట సమాజం గీత గీసింది. ఆ గీత ఎందుకు గీసింది, గీసిన తర్వాత మన శరీరాల్లో ఏం మారింది? సాంస్కృతిక మానవశాస్త్రం మొదటి ప్రశ్నను పట్టుకుంటే, జీవ మానవశాస్త్రం రెండో ప్రశ్నను పట్టుకుంది.

సివిల్స్‌కు ఆంత్రోపాలజీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు, గ్రూప్-2కు సమాజ నిర్మాణం చదివేవాళ్లు ఈ రెండింటినీ వేర్వేరు నోట్‌బుక్కుల్లో రాసుకుంటారు. బంధుత్వం ఒక దాంట్లో, జన్యువుల లెక్క తేల్చే హార్డీ వీన్‌బర్గ్ సూత్రం ఇంకో దాంట్లో. పరీక్ష దగ్గరపడ్డాక రెండూ కలగాపులగమై టెన్షన్ మొదలవుతుంది. నా ఉద్దేశంలో చిక్కంతా విడదీసి చదవడంలోనే ఉంది. ఎవరు ఎవరిని పెళ్లి చేసుకోవాలో సమాజం చెబుతుంది. ఎవరి జన్యువులు ఎవరి జన్యువులతో కలుస్తాయో దాన్ని బట్టే తేలుతుంది. ఈ ఒక్క దారం పట్టుకుంటే సిలబస్‌లో సగం దానంతట అదే దారిలో పడుతుంది.

వరస కలవడం

నల్గొండ వైపు సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దమనుషులు ఎలా మొదలుపెడతారో గమనించండి. "మీ ఇంటిపేరేంది? అమ్మమ్మోళ్లది ఏ ఊరు? ఫలానా ఆయన మీకేమైతడు?" నాలుగు ప్రశ్నలు అయ్యేసరికి ఎవరో ఒకరు తేల్చేస్తారు, "పిల్ల వరసకు మరదలే అయితది" అని. లేదంటే "వద్దు, చెల్లె వరస" అని. అప్పటిదాకా ఆ రెండు ఇళ్లవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. అయినా వరస ఉంటుంది. దూరపు చుట్టాలను కూడా దగ్గరి చుట్టాల గదుల్లోనే సర్దేసే ఈ పద్ధతిని వర్గీకరణాత్మక బంధుత్వం అంటారు. అమెరికన్ మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో వెలువరించిన గ్రంథంలో ద్రావిడ భాషల బంధుత్వ పదాలను, అమెరికాలోని సెనెకా ఇరోక్వాయ్ తెగ పదాలను పక్కపక్కన పెట్టి, రెండింటి పోలిక చూసి ఆశ్చర్యపోయాడు.

ఆ పోలిక ఏమిటంటే, నాయిన అన్నదమ్ములందరూ నాయినలే: పెద్దనాయిన, చిన్నాయిన. అమ్మ అక్కచెల్లెళ్లందరూ అమ్మలే: పెద్దమ్మ, చిన్నమ్మ. వీళ్ల పిల్లలు అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెండ్లు. పుస్తకాల్లో వీళ్లు ప్యారలల్ కజిన్లు. తోబుట్టువుల్లో ఆడ, మగ మారితే కథ మారుతుంది. అమ్మ తోడబుట్టినవాడు మామ, నాయిన తోడబుట్టినామె అత్త, వాళ్ల పిల్లలు బావలు, వదినెలు, బామ్మర్దులు, మరదళ్లు. వీళ్లు క్రాస్ కజిన్లు.

ఇంతవరకు ఇరోక్వాయ్ పద్ధతీ ఇంతే. తేడా దీని తర్వాత వస్తుంది, పరీక్షలో తడబడేదీ ఇక్కడే. మన భాషలో పెళ్లికి ముందు మేనమామ మామ, పెళ్లయ్యాక భార్య తండ్రీ మామే. మేనత్త అత్త, భార్య తల్లీ అత్తే. చెల్లెలి కొడుకు మేనల్లుడు, కూతురి మొగుడు అల్లుడు. కొడుకు పెళ్లాం కోడలు, చెల్లెలి కూతురు మేనకోడలు. అంటే పెళ్లితో వచ్చిన చుట్టరికానికి, పుట్టుకతో వచ్చిన చుట్టరికానికి ఒకే పదాలు సరిపోతున్నాయి. ఇరోక్వాయ్ పద్ధతిలో ఈ కలయిక ఉండాలని లేదు. హిందీలో మామా వేరు, ఫూఫా వేరు, ససుర్ వేరు. ద్రావిడ బంధుత్వం గురించి ప్రశ్న వస్తే ఈ ఒక్క విషయం నాలుగు తెలుగు పదాలతో చూపించండి. పేజీ నిండా నిర్వచనాలు రాసినదాని కంటే బరువుగా ఉంటుంది.

దీని వెనుక రెండు సిద్ధాంతాలున్నాయి. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ వర్గం వాళ్లకు బంధుత్వమంటే ముందు వంశం: ఇంటిపేరు, ఆస్తి, దినవారం ఎవరిది అన్నది. 1949లో ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త లెవీ స్ట్రాస్ ఆ దృష్టిని తిప్పేశాడు. ఆయన లెక్కలో పెళ్లంటే రెండు కుటుంబాలు ఇచ్చిపుచ్చుకోవడం, వంశం కంటే ఆ పొత్తే సమాజాన్ని నిలబెడుతుంది. దక్షిణ భారతం గురించి లూయీ ద్యూమో ఈ మాటనే ఇంకా గట్టిగా చెప్పాడు: ఇక్కడ చుట్టరికం తరతరాలుగా వారసత్వంగా వస్తుంది. మా తాత మీ ఇంటి పిల్లను చేసుకున్నాడు, మా నాయినా చేసుకున్నాడు, నేనూ చేసుకుంటాను. ఇరావతీ కర్వే 1953లో ఉత్తర, దక్షిణ భారతాలను పోల్చి చూపింది కూడా ఇదే. ఉత్తరాన పిల్లను కొత్త ఊరికి, కొత్త మనుషుల్లోకి పంపుతారు. ఇక్కడ పాత చుట్టరికాన్నే మళ్లీ తిరగేస్తారు. కోడలు అత్తింట్లో అడుగుపెట్టేసరికి ఆ అత్త తనను ఎత్తుకుని పెంచిన మేనత్తే కావచ్చు. కొత్త కోడలి బతుకులో ఇది చిన్న తేడా కాదు.

ఇంటిపేరు దాటి చేసుకోవాలి, కులం దాటకూడదు. మొదటిది బహిర్వివాహం, రెండోది అంతర్వివాహం. ఈ రెండూ వ్యతిరేక పదాలని బట్టీ పట్టి, ఏదో ఒకటే ఉంటుందనుకునేవాళ్లు చాలామంది. మన ఊళ్లలో ప్రతి పెళ్లికీ రెండూ ఒకేసారి పనిచేస్తాయి. అలాగే మేనరికం ఇష్టపడే పెళ్లి మాత్రమే, తప్పనిసరి పెళ్లి కాదు. మరదలు ఉన్నా బయటి సంబంధం చేసుకున్న వాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు.

చట్టం గురించి ఒక మాట. 1955 హిందూ వివాహ చట్టం నిషిద్ధ బంధుత్వాల్లో మామ, మేనకోడలు ఉన్నారు. అన్నాచెల్లెళ్ల పిల్లలూ ఉన్నారు. పైకి చూస్తే మేనరికం చట్టవిరుద్ధమే. కానీ ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే ఆ నిషేధం వర్తించదని అదే చట్టం చెబుతుంది. ఆచారానికి చట్టం చోటిచ్చిన ఉదాహరణగా దీన్ని సమాధానంలో వాడుకోవచ్చు.

అక్క కూతురు, ఎనిమిదో వంతు

జీవ మానవశాస్త్రంలోకి వద్దాం. మళ్లీ అదే పెళ్లి.

ఇక్కడ రెండు అంకెలు కలిసిపోయి విద్యార్థులను తికమక పెడతాయి. ఇద్దరు వ్యక్తుల మధ్య జన్యువుల పోలిక ఒకటి, దాన్ని ఆర్ అంటారు. ఆ ఇద్దరికి పుట్టే బిడ్డలో ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఒకే జన్యువు రెండు వైపుల నుంచీ చేరే అవకాశం ఇంకొకటి, దాన్ని ఎఫ్ అంటారు. బావామరదళ్ల ఆర్ విలువ 1/8, వాళ్ల బిడ్డ ఎఫ్ విలువ 1/16. మేనమామ, అక్క కూతురి మధ్య ఆర్ 1/4, వాళ్ల బిడ్డ ఎఫ్ 1/8. మామూలు బంధువుల మధ్య ఎఫ్ ఎప్పుడూ ఆర్‌లో సగం ఉంటుంది. ఇది గుర్తుంటే తికమక పోతుంది.

ఈ అంకె నిజంగా ఏం చేస్తుందో ఒక లెక్కతో చూద్దాం. ఒక అంతర్గత జన్యువు ఉందనుకోండి. అది తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి వస్తేనే జబ్బు బయటపడుతుంది. ఒకటే ఉంటే మనిషి వాహకుడు, పైకి ఆరోగ్యంగానే ఉంటాడు. సమాజంలో ఆ జన్యువు నూటికి ఒకటి చొప్పున ఉంది, అంటే క్యూ = 0.01. 1908లో హార్డీ, వీన్‌బర్గ్ వేర్వేరుగా ఇచ్చిన సూత్రం ప్రకారం, పెళ్లిళ్లు వరసలతో పనిలేకుండా జరిగితే రోగులు క్యూ స్క్వేర్, అంటే 0.0001. పదివేల మందిలో ఒకరు. వాహకులు 2 పి క్యూ, అంటే దాదాపు 0.02. నూటికి ఇద్దరు. ఒక రోగి కనిపించాడంటే అతని వెనుక దాదాపు రెండు వందల మంది కనిపించని వాహకులు ఉన్నారన్నమాట.

ఇప్పుడు అందరూ బావామరదళ్లే పెళ్లి చేసుకున్నారనుకుందాం. రోగుల సంఖ్యకు ఎఫ్ పి క్యూ కలుపుతాం. 1/16 × 0.99 × 0.01, సుమారు 0.0006. మొత్తం 0.0007. పదివేలకు ఏడుగురు. మేనమామ, మేనకోడలు అయితే పదివేలకు పదమూడుగురు. ఏడు రెట్లు, పదమూడు రెట్లు అంటే భయం వేస్తుంది. కానీ పదివేలకు మిగిలిన 9,987 మందికి ఆ జబ్బు లేదు కూడా. రెండు మాటలూ నిజమే, రెండూ రాయాలి. ఇంకొక సంగతి, జన్యువు ఎంత అరుదైతే మేనరికం దాన్ని అన్ని ఎక్కువ రెట్లు పెంచుతుంది. అదే జన్యువు పదింటికి ఒకటి ఉంటే బావామరదళ్ల పెళ్లిళ్లతో పెరుగుదల ఒకటిన్నర రెట్లే. మేనరికం ఇళ్లలో డాక్టర్లు ఎక్కడా వినని అరుదైన జబ్బుల కోసం వెతకడానికి కారణం ఇదే.

మేనరికం ఒక్కటే జన్యువుల నిష్పత్తిని మార్చదు. ఉన్న జన్యువులను జంటలుగా చేర్చే తీరును మారుస్తుంది, అంతే. నిష్పత్తి మారాలంటే ఉత్పరివర్తనమో (జన్యువులో కొత్త మార్పు), ప్రకృతి వరణమో (మేలు చేసే జన్యువు నిలిచి, కీడు చేసేది తగ్గడం), జన్యు ప్రవాహమో (బయటి జనంతో కలవడం), జన్యు విస్థాపనమో (చిన్న గుంపులో యాదృచ్ఛికంగా వచ్చే తేడా) ఉండాలి. పరీక్షలో ఈ ఒక్క వాక్యం తప్పు రాసి మార్కులు పోగొట్టుకోకండి.

క్రాస్ కజిన్లలో కూడా మేనమామ కూతురు, మేనత్త కూతురు ఒకటి కాదు. ఎక్స్ క్రోమోజోమ్ వరకు చూస్తే, మేనత్త కూతురిని చేసుకున్నవాడి కూతురికి ఆ పాత పూర్వీకుల ఎక్స్ రెండు వైపుల నుంచీ చేరదు. ఎందుకంటే తండ్రి తన కొడుక్కి ఎక్స్ ఇవ్వడు, వై ఇస్తాడు. మేనమామ కూతురి విషయంలో ఆ అవకాశం 1/8. సమాజం రెండింటినీ మరదలు అనే అంటుంది. శరీరం తేడా చూపిస్తుంది.

దాన్ని పట్టుకునే ఇంకో చిన్న విషయం కూడా చెప్పాలి. మన ఇంటిపేరు నడిచే దారి, వై క్రోమోజోమ్ నడిచే దారి ఒకటే: తండ్రి నుంచి కొడుక్కి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి బిడ్డలకు వస్తుంది. పెళ్లయ్యాక ఊరు మారేది ఆడపిల్లే కాబట్టి ఊరూరా తిరిగేది ఆ డీఎన్‌ఏ. ఇల్లరికం వచ్చిన అల్లుడు ఈ లెక్కను తిరగేస్తాడు.

చుట్టాలు కాకపోయినా

మేనరికం మానేస్తే అంతర్గత జబ్బుల బెడద తీరిపోతుందని చాలామంది రాస్తారు. తీరదు. కులంలోపలి పెళ్లి ఒక్కటి చాలు.

నవధాన్యాల డబ్బాలోంచి ఒక చిన్న గుప్పెడు తీసి వేరే చోట చల్లారనుకోండి. గుప్పెట్లోకి నువ్వులు కొంచెం ఎక్కువ వచ్చి ఉంటే ఆ పంటలో నువ్వులే ఎక్కువ. నువ్వులు మంచివని కాదు, గుప్పెడు చిన్నదని. కొద్దిమందితో మొదలైన సమూహం తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ పెరిగితే జరిగేది అదే. దీన్ని స్థాపక ప్రభావం అంటారు. జన్యు విస్థాపనంలో ఇదొక రకం.

దీనికి మన మధ్యే పక్కా ఉదాహరణ ఉంది. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్లు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. రక్తంలో ఉండే బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్ లోపించినవాళ్లలో మందు ప్రభావం గంటల పాటు ఉండిపోతుంది, శ్వాస తీసుకునే కండరాలు కూడా కదలవు. వెంటిలేటర్ మీద ఉంచి కాచుకోవాలి. ఈ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతా జనాభా కంటే చాలా ఎక్కువని వైద్యులకు తెలుసు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు కె. తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో వైశ్యుల జన్యువుల్లో పాతకాలపు స్థాపక ప్రభావం స్పష్టంగా కనిపించింది. ఇదేమీ ఒక కులానికి అంటించే మచ్చ కాదు. భారతదేశంలో చాలా సమూహాలకు ఇలాంటి చరిత్రే ఉంది, ఒక్కొక్కరికి ఒక్కొక్క జన్యువు. ఆపరేషన్ ముందు ఒక రక్తపరీక్షతో తెలిసిపోయే విషయం కాబట్టి, తెలుసుకోవడం మేలు చేస్తుంది.

మిర్యాలగూడ బజారులో ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లలో వందేళ్లు బతికిన రెండు కులాల మధ్య కొండ లేదు, ఏరు లేదు. ఒకరింటి పండుగ ఇంకొకరికి తెలుసు. అయినా జన్యువులు దాటలేదు. జీవశాస్త్రం పుస్తకాల్లో జన్యు ప్రవాహానికి అడ్డు అంటే సముద్రాలు, పర్వతాలు అని ఉంటుంది. మన దగ్గర ఆ అడ్డు ఒక పెళ్లి నియమం. అదే బృందాలు 2013లో తేల్చిన లెక్క ప్రకారం, భారతదేశంలోని సమూహాలు దాదాపు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా విరివిగా కలిసిపోయాయి. ఆ తర్వాతే తలుపులు మూసుకున్నాయి. కులం అనాదిగా ఇలాగే ఉందనే వాదనకు ఇంతకంటే గట్టి జవాబు నాకు కనిపించలేదు.

నల్గొండ నీళ్లు చెప్పే పాఠం

జన్యువుల గురించి ఇంత చదివాక ఒక ప్రమాదం ఉంది, ప్రతిదీ జన్యువే అనిపించడం. ఆ భ్రమ పోవాలంటే ఫ్లోరోసిస్ గురించి చదవాలి. గ్రూప్స్ సిలబస్‌లో తెలంగాణ సామాజిక సమస్యల కింద వెట్టి, జోగిని, వలసల పక్కనే ఫ్లోరోసిస్ ఉంటుంది. దాన్ని సామాజిక సమస్యగా మాత్రమే చదివి వదిలేస్తున్నాం. జీవ మానవశాస్త్రంలో అంతకంటే మంచి ఉదాహరణ మన జిల్లాకు ఇంకొకటి లేదు.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు గ్రానైట్ నేలల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఒకే ఇంట్లో తాత నడుము వంగింది, తండ్రి నడుము వంగింది, మనవడి పళ్లు గారపట్టాయి. చూసినవాళ్లు వంశపారంపర్యం అనుకోవడం సహజం. కానీ కుటుంబం జన్యువులను మాత్రమే పంచుకోదు, బోరును కూడా పంచుకుంటుంది. ఈ రెండింటినీ ఎలా విడదీయాలి?

ఆ ఇంటికి వేరే ఊరి నుంచి వచ్చిన కోడలిని చూడండి. ఆమెకు అత్తింటివాళ్లతో రక్తసంబంధం లేదు. కృష్ణ నీళ్లు తాగి పెరిగి ఉంటే ఆమె పళ్లు తెల్లగానే ఉంటాయి, ఎందుకంటే పంటి పైపొర చిన్నతనంలోనే గట్టిపడిపోతుంది. కానీ ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లు తాగాక ఆమె మోకాళ్లు, నడుము పట్టేస్తాయి, ఎముక జీవితాంతం మారుతూనే ఉంటుంది కాబట్టి. తెల్లని పళ్లు, బిగుసుకున్న కీళ్లు. ఆమె చిన్నతనం ఎక్కడ గడిచిందో పళ్లు చెబుతాయి, పెళ్లయ్యాక ఎక్కడ బతికిందో ఎముకలు చెబుతాయి. అదే ఇంట్లో పుట్టి చిన్నప్పుడే మేనమామ ఊళ్లో పెరిగిన పిల్లవాడికి జన్యువులన్నీ ఆ ఇంటివే, పళ్లు మాత్రం శుభ్రంగా ఉంటాయి. జన్యురూపం, అంటే లోపలి జన్యువులు, ఒకటే అయినా దృశ్యరూపం, అంటే పైకి కనిపించే లక్షణం, మారింది. తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలను జీవ మానవశాస్త్రవేత్తలు చదివేది ఈ తర్కంతోనే.

వంగిన వెన్ను జన్యువుల్లోకి ఎక్కదు. బతికుండగా వచ్చిన మార్పు బిడ్డకు సంక్రమిస్తుందని లామార్క్ అన్నాడు, కానీ అలా సంక్రమించదు. నీళ్లు మారిస్తే తర్వాత పుట్టిన పిల్లల పళ్లు మారతాయి. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్లతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. చివరికి తేడా చూపింది మాత్రం నది నీళ్లు ఇంటికి రావడమే.

ఈ జబ్బు మళ్లీ పెళ్లి దగ్గరికే తెచ్చింది. ఫ్లోరైడ్ ఊళ్లకు పిల్లనివ్వడానికి బయటి ఊళ్లవాళ్లు వెనకాడటం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన బాధే. పిల్లను ఇవ్వకపోతే వరసలు తెగుతాయి, దగ్గరి చుట్టాల్లోనే చేసుకోవాల్సి వస్తుంది. నేలలోని రాయి పెళ్లిని మారుస్తుంది, పెళ్లి జన్యువుల కలయికను మారుస్తుంది. జీవ సాంస్కృతిక దృక్పథం అని పుస్తకాల్లో ఉండేది ఇదే.

ఫ్లోరోసిస్ పక్కన ఎర్రరక్త కణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బును పెట్టి చదివితే తేడా బాగా పట్టుబడుతుంది. ఇది అచ్చంగా జన్యువు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది, అంతే మార్పు. రెండు వైపుల నుంచీ వస్తే ప్రాణాంతకం, ఒకటే ఉంటే ఫాల్సిపారమ్ మలేరియా నుంచి రక్షణ. 1954లో ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో దీన్ని చూపించాడు. చంపే జన్యువు తరతరాలుగా పోకుండా ఎందుకు నిలిచిందంటే, వాహకులు మిగతా రెండు రకాల వాళ్ల కంటే బాగా బతికారు కాబట్టి. దీన్ని సంతులిత బహురూపత అంటారు. మన రాష్ట్రంలో ఇది ఎక్కువగా ఆదిలాబాద్ వైపు గిరిజనుల్లో వినిపిస్తుంది. కేంద్రం 2023లో మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2047ను లక్ష్యంగా పెట్టుకుంది. సికిల్ సెల్‌లో ప్రకృతి వరణం ఉంది, ఫ్లోరోసిస్‌లో లేదు. పరిసరాల వల్ల వచ్చిన ప్రతి మార్పునూ అనుకూలనం అని రాయకండి. వంగిన నడుము ఎవరికీ ఏ మేలూ చేయలేదు.

జాతి గురించి ఎక్కువ చెప్పను. బ్రిటిష్ అధికారి రిస్లీ ముక్కు కొలతలతో కులాలను వరసపెట్టాడు, మానవశాస్త్రవేత్త బి.ఎస్. గుహ 1931 జనాభా లెక్కలతో పాటు ఆరు జాతి రకాలు ఇచ్చాడు. పరీక్షకు ఇవి తెలియాలి. కానీ రాసేటప్పుడు చరిత్రగా రాయండి, నిజంగా కాదు. 1972లో జన్యుశాస్త్రవేత్త లెవాంటిన్ చూపినట్టు మనుషుల జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒకే సమూహంలోని మనుషుల మధ్యే ఉంటుంది. అలాగే రామాపిథికస్ అనే వానర శిలాజాన్ని మనిషి పూర్వీకుడని ఇంకా రాస్తున్న గైడ్లు ఉన్నాయి. అది శివాపిథికస్‌లో కలిసిపోయి చాలా కాలమైంది, దాని దగ్గరి చుట్టం ఒరాంగుటాన్. మన దేశం నుంచి తప్పకుండా రాయాల్సింది 1982లో అరుణ్ సొనాకియాకు హత్నోరాలో దొరికిన నర్మదా పుర్రె.

నేర్చుకున్నది, రాసుకున్నది

మానవశాస్త్రవేత్త టైలర్ 1871లో సంస్కృతికి ఇచ్చిన నిర్వచనంలో జ్ఞానం, నమ్మకాలు, కళ, నీతి, చట్టం, ఆచారం అంటూ పెద్ద జాబితా ఉంది. జాబితా మర్చిపోయినా ఫర్వాలేదు. సమాజంలో సభ్యుడిగా మనిషి సంపాదించుకున్నది అన్న భాగం మర్చిపోకండి. పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నది.

ఉత్తర భారతం నుంచి వచ్చిన ఉద్యోగి మన దగ్గర అక్క కూతురితో పెళ్లి చూసి మొహం చిట్లిస్తాడు. అది స్వసంస్కృతి కేంద్రవాదం. అదే పెళ్లిని దాని వరసల లెక్కలో, దాని ఆస్తి లెక్కలో, ఆ ఆడపిల్ల పుట్టింటి భద్రత లెక్కలో అర్థం చేసుకోవడం సాంస్కృతిక సాపేక్షవాదం. అర్థం చేసుకోవడమంటే ఒప్పుకోవడం కాదు. వరసను అర్థం చేసుకున్న డాక్టరే ఆ దంపతులకు జన్యు పరీక్ష గురించి వాళ్లు నొచ్చుకోకుండా చెప్పగలుగుతాడు.

మార్సెల్ మాస్ 1925లో కానుకల మీద రాసిన సిద్ధాంతం చదివి అర్థం కాలేదంటే, పెళ్లిలో చదివింపుల పుస్తకం తెప్పించుకుని చూడండి. మండపం పక్కన బల్ల వేసుకుని ఒకరు రాస్తుంటారు: పేరు, ఊరు, రూపాయలు. ఆ పుస్తకాన్ని బీరువాలో దాస్తారు. అవతలి ఇంట్లో పెళ్లి వచ్చినప్పుడు తీసి చూసి, అప్పటి 516కు ఇప్పుడు 1,116 రాయిస్తారు. సమానంగా తిరిగి ఇచ్చేస్తే లెక్క తీరిపోయినట్టు. కొంచెం ఎక్కువిస్తే చుట్టరికం నడుస్తూనే ఉన్నట్టు. ఇవ్వడం, తీసుకోవడం, తిరిగి ఇవ్వడం అని మాస్ చెప్పిన మూడు బాధ్యతలూ ఆ పుస్తకంలో ఉన్నాయి. మానవశాస్త్రవేత్త సాలిన్స్ చెప్పిన సంతులిత ప్రతిదానం ఇదే. తల్లి బిడ్డకు పెట్టే అన్నం ఏ పుస్తకంలోనూ రాయరు, అది సాధారణీకృత ప్రతిదానం.

మెకిమ్ మారియట్ 1955లో ఉత్తరప్రదేశ్‌లోని కిషన్‌గఢీ గ్రామం ఆధారంగా చెప్పిన సార్వత్రీకరణ (ఊరి ఆచారం శాస్త్రాల, పెద్ద గుళ్ల మహా సంప్రదాయంలోకి ఎక్కడం), స్థానికీకరణ (మహా సంప్రదాయం ఊరి రూపు తొడుక్కోవడం) అనే జంటను పాలమూరు కురుమూర్తి జాతరతో గుర్తుపెట్టుకోవచ్చు. అక్కడి స్వామి వేంకటేశ్వరుడే అంటారు. కానీ జాతరలో జనం ఎదురుచూసేది ఉద్దాల ఉత్సవం కోసం. తోలుపని చేసే కులం వాళ్లు స్వామికి పెద్ద పాదుకలు కుట్టి, వాటిని ఊరేగింపుగా తెస్తారు. మహా సంప్రదాయపు దేవుడు ఇక్కడి చెప్పులు తొడుక్కున్నాడు, ఇది స్థానికీకరణ. అదే నల్లమలలో చెంచులు శ్రీశైలం స్వామిని చెంచు మల్లయ్య అంటారు, అహోబిలం నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడంటారు. అడవిలోని ఒక ఆడపిల్ల పెద్ద గుడిలో చెంచులక్ష్మి అయింది. ఇందులో రెండు వైపులా నడక ఉంది. అల్లుడు అన్న మాట మీకు ఇప్పటికే తెలుసు: దేవుడిని కూడా వరసలోకి తెచ్చుకోకుండా మనం ఉండలేం.

తెగ ఎవరు

రాజ్యాంగంలో తెగకు నిర్వచనం లేదు. 342వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి నోటిఫై చేసినవాళ్లు షెడ్యూల్డ్ తెగలు. 1965లో లోకూర్ కమిటీ ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళిక ఏకాంతం, బయటివారితో కలవడానికి బిడియం, వెనుకబాటు అనే కొలతలు చెప్పింది. దేవరకొండ తండాల్లోని లంబాడాలను ఈ కొలతలతో చూడండి. ఒకప్పుడు ఎడ్ల బిడారులతో దేశమంతా తిరిగి ఉప్పు, ధాన్యం మోసినవాళ్లకు ఏకాంతం ఎక్కడిది? ప్రత్యేక భాష, గోత్రాలు, తీజ్ పండుగ మాత్రం ఉన్నాయి. వాళ్లు మన రాష్ట్రంలో ఎస్టీలు, 1976 సవరణ చట్టంతో తెలంగాణ ప్రాంతంలోనూ ఆ గుర్తింపు వచ్చింది. కర్ణాటకలో ఎస్సీలు. మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. ఒకే భాష మాట్లాడే ఒకే జనం, మూడు జాబితాలు. తెగ అనేది పాలనా వర్గమా, సాంస్కృతిక వర్గమా అని అడిగితే ఈ ఒక్క ఉదాహరణతో పేజీ నింపవచ్చు.

చెంచుల సంగతి వేరు. వియన్నాలో పుట్టిన ఫ్యూరర్ హైమండార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ పాస్‌పోర్టు కారణంగా నిజాం రాజ్యం దాటి వెళ్లలేని స్థితిలో పడ్డాడు. ఆ కాలంలోనే అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్య ఉండి పరిశోధించాడు. 1943లో వచ్చిన ఆయన గ్రంథం ఈ తెగ గురించి చదవాల్సిన మొదటి పుస్తకం. పెంటల్లో, అంటే చెంచుల అడవి గూడేల్లో బతుకు, గడ్డలు తవ్వే కర్ర, తేనె, కొద్ది కుటుంబాల గుంపులు, కావాలనుకున్నప్పుడు ఒక పెంట నుంచి ఇంకో పెంటకు మారే స్వేచ్ఛ, అన్నీ అందులో ఉన్నాయి. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల్లో చేసి చూపిన సహభాగి పరిశీలనను, అంటే జనంతో కలిసి బతుకుతూ గమనించే పద్ధతిని, మన నేల మీద చూపాలంటే ఇదే ఉదాహరణ.

కానీ ఆ పుస్తకంలోని చెంచులను ఇవాళ్టి చెంచులుగా రాయడం పెద్ద పొరపాటు. ఎనభై ఏళ్ల కిందటి వర్ణనను 'చెంచులు ఇలా జీవిస్తారు' అని వర్తమానంలో రాస్తే, దాన్ని ఎత్నోగ్రాఫిక్ వర్తమానం అని మానవశాస్త్రమే విమర్శించింది. ఆ అడవి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. జిల్లా ఇప్పుడు నాగర్‌కర్నూల్. చెంచులు దేశంలోని 75 ప్రత్యేక దుర్బల గిరిజన సమూహాల్లో ఒకరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు అడుగుతున్నారు, రేషన్ బియ్యం తింటున్నారు, ఉపాధి హామీ పనికి వెళుతున్నారు, పులుల కోసం పెంట ఖాళీ చేసి బయటికి రమ్మంటే వెళ్లాలా వద్దా అని తమలో తాము వాదించుకుంటున్నారు. సమాధానంలో మొదటి పేరా హైమండార్ఫ్‌కు ఇవ్వండి, రెండో పేరా ఈ వాదనకు ఇవ్వండి.